చలికాలపు బడి, చుక్కల పాఠం

తెలుగు ప్రాథమిక పాఠశాలలో నిజమైన చిత్రలేఖనం జరిగేది ఏడాదికి ఒక్కరోజే. అది సంక్రాంతి సెలవులు ఇచ్చే ముందు రోజు. మిగతా రోజుల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే బోర్డు మీద టీచరు గీసిన మామిడిపండును నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం, లేదంటే ఆ పీరియడ్‌లో లెక్కలు చేయించడం. ఆ ఒక్కరోజు మాత్రం పిల్లలు బడి ఆవరణలో నేల మీద వంగుతారు. చేతిలో పెన్సిలు ఉండదు, చెరపడానికి రబ్బరు ఉండదు, కళ్ళ ముందు నకలు తీయడానికి బొమ్మా ఉండదు. పట్టెడు పిండి, తడి నేల, అమ్మమ్మ నేర్పిన లెక్క, అంతే. ఎనిమిదేళ్ళ పిల్ల ఈ మూడింటితో పదిహేను చుక్కల ముగ్గు తప్పులేకుండా పూర్తి చేసిందంటే ఆ పిల్ల చేసింది సరదా పని కాదు, విద్య. దాన్ని విద్యగా గుర్తించాల్సిన బడే పోటీగా, ఫొటోగా మార్చేసి చేతులు దులుపుకుంటోంది.

డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెడతారు. అప్పటి నుంచి భోగి దాకా ధనుర్మాసం. పల్లె బడుల్లో ఈ నెల రోజులకు ఒక ప్రత్యేకమైన కళ ఉంటుంది. తరగతి గదిలో చలి, కాబట్టి పొద్దున్న పాఠాలు ఎండ పడే చోటికి మారతాయి. క్రిస్మస్‌కు రంగు కాగితాల నక్షత్రాలు, కొత్త సంవత్సరానికి మడతపెట్టిన డ్రాయింగ్ షీటు మీద గ్రీటింగ్ కార్డులు వస్తాయి. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. రావి ఆకు వెనకవైపు రంగు పూసి ఒత్తితే ఈనెలన్నీ దిగుతాయి. జనవరి మొదటి వారానికి పాత పేపర్లతో గాలిపటాలు. రెండో తరగతి పిల్లాడు తల మీద చెంబు పెట్టుకుని హరిదాసు అవుతాడు, ఆడపిల్లలు గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చిన గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతారు, నాలుగు ఎండు పుల్లలతో భోగి మంట. ఇవన్నీ ముచ్చటైనవే. కానీ వీటన్నిటి కిందా నేల మీద పరుచుకుని ఉండే ముగ్గుకు ఉన్న లోతు వేరు.

ముందు చుక్కలు. ముగ్గు సగం అక్కడే గెలుస్తుంది, అక్కడే ఓడిపోతుంది. తెలుగు ఇళ్ళలో రెండు పద్ధతులు ప్రధానం. సరి చుక్కల్లో పై వరుస చుక్కకు నేరుగా కింద చుక్క పడుతుంది. సందు చుక్కల్లో రెండు చుక్కల మధ్య సందుకు ఎదురుగా తర్వాతి వరుస చుక్క పడుతుంది. ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకూ సందు’ అంటే చాలు, తెలిసిన చేయి ఇంకేమీ అడగదు. నడిమి వరుసలో 7, దానికి పైనా కిందా 6, తర్వాత 5, చివర 4. మొత్తం 37 చుక్కలు. అదే ‘ఏడు, ఒకటి వచ్చేవరకూ సరి చుక్కలు’ అంటే వరుసకు రెండేసి తగ్గుతూ 7, 5, 3, 1. రెండు వైపులా కలిపి 25. రెండో తరగతి కూడికలకు ఇంతకన్నా మంచి అభ్యాసం ఏ పుస్తకంలో ఉంది?

నేర్పరులు ఎప్పుడూ నడిమి వరుసతోనే మొదలుపెడతారు. మూల నుంచి మొదలుపెట్టిన ముగ్గు మూడో వరుసకే పక్కకు ఒరుగుతుంది. రెండు వేళ్ళ ఎడమా, బెత్తెడు ఎడమా అన్నది మొదటి రెండు చుక్కలతో తేలిపోవాలి, ఆ కొలత చివరి చుక్క దాకా చేతిలోనే ఉండాలి. స్కేలుతో కొలిచి పెట్టిన చుక్కలకూ, చేతి కొలతతో పెట్టిన చుక్కలకూ తేడా దూరం నుంచే కనిపిస్తుంది. రెండో దానిలో ప్రాణం ఉంటుంది.

చుక్కలు పెట్టాక రెండు దారులు. చుక్కల్ని కలుపుతూ పోతే పద్మాలు, చిలకలు, నెమళ్ళు, తులసికోటలు, పాలు పొంగే భోగి కుండలు. చుక్కల్ని ముట్టకుండా వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ పోతే మెలికల ముగ్గు. ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగితే సమాధానానికి తడుముకోనక్కరలేదు. మెలికే. చిలక ముక్కు కాస్త వంకర పోయినా అది చిలకే. మెలికలో ఒక్క మలుపు తప్పితే ముగ్గంతా తప్పు. బయల్దేరిన చోటికి గీత తిరిగి రాకపోతే, ఎక్కడో పొరపాటు జరిగిందని నేలే చెప్పేస్తుంది, టీచరు ఎర్రసిరాతో కొట్టక్కరలేదు.

ఈ గీతల వెనక ఉన్న లెక్కను పెద్ద పెద్దవాళ్ళే పట్టించుకున్నారు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో తమిళుల ముగ్గులైన కోలాల నిర్మాణాన్ని కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణ సూత్రాలతో వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. వాకిట్లో ఆడవాళ్ళు వేసే గీత అలా అంతర్జాతీయ పత్రికకు ఎక్కింది. ఆఫ్రికాలో అంగోలాకు చెందిన చోక్వే ప్రజలు ఇసుకలో వేలి కొసతో చుక్కలు గుచ్చి వాటి చుట్టూ గీతలు తిప్పుతారు. వాటిని సోనా అంటారు. చూస్తే మన మెలిక ముగ్గుకు తోబుట్టువే. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ ఏళ్ళ తరబడి వాటిని అధ్యయనం చేశాడు. ఆ పనిలో తేలిన ఒక సంగతి ఐదో తరగతికి అచ్చంగా సరిపోతుంది. దీర్ఘచతురస్రంగా సరి చుక్కలు పెట్టి, ప్రతి రెండు చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా గీత దాటిస్తూ, అంచు రాగానే వెనక్కి మళ్ళిస్తూ పోతే ఎన్ని విడి గీతలు పడతాయి? 3 వరుసలు, వరుసకు 4 చుక్కలైతే ఒకే గీత అన్నీ చుట్టి వస్తుంది. 4 వరుసలు, వరుసకు 6 అయితే రెండు గీతలు కావాలి. 4 కి 4 అయితే నాలుగు. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని! గసాభా అంటే భయపడే పిల్లలతో పలక మీద ఈ మూడు ముగ్గులూ వేయించి చూడాలి. సూత్రం వాళ్ళే చెప్తారు.

ఇక చేయి. ఎడమ చేతిలో కొబ్బరి చిప్ప నిండా పిండి. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి అది జారాలి. చేయి నేలకు మరీ ఆనితే గీత ముద్దవుతుంది, మరీ ఎత్తితే చెదురుతుంది. గీత మందం వేళ్ళు నొక్కడంలో కన్నా చేయి కదిలే వేగంలో ఉంటుంది. మలుపు దగ్గర మణికట్టు నెమ్మదిస్తుంది, పిండి ధార మాత్రం తెగకూడదు. మోకాళ్ళు వంచకుండా నడుము దగ్గర వంగి, వేసిన గీత తొక్కకుండా వెనక్కి వెనక్కి జరగాలి. కళ్ళాపి తడి ఆరకముందే ముగియాలి, ఎందుకంటే పిండిని పట్టి ఉంచేది ఆ తడే.

చేయి తిరిగినవాళ్ళ సంగతి చెప్పాలంటే ఈ పత్రిక పేజీలు చాలవు. చూపుడువేలికి అటొక ధార, ఇటొక ధార వదిలి ఒకే విసురులో జంట గీత లాగే ముసలమ్మలు ఇప్పటికీ ఊరికొకరైనా ఉన్నారు. ఆ రెండు గీతల మధ్య ఎడం మలుపుల్లో కూడా మారదు! ఇరవై ఒక్క చుక్కల మెలికను పిండి కోసం తప్ప ఎక్కడా ఆగకుండా పూర్తి చేసి, నడుం నిలబెట్టి, లెక్క చూసుకోనైనా చూసుకోకుండా లోపలికి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వీళ్ళ పేర్లు ఏ అకాడమీ దస్త్రంలోనూ ఉండవు. ప్రాథమిక పాఠశాల ముగ్గుల రోజు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. వీళ్ళ విద్య మనవరాలి వేళ్ళ గుండా బడి గేటు దాటి లోపలికి వచ్చేది ఆ ఒక్కరోజే.

పిండి గురించి రెండు మాటలు చాలు. పూర్వం బియ్యప్పిండే వేసేవారని, చీమలకూ పిచ్చుకలకూ ఆహారమవుతుందని పెద్దలంటారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ముగ్గురాయి పొడి. దానిలో కాస్త బియ్యప్పిండి కలిపితే గీత తెల్లగా, నిండుగా వస్తుంది. పిల్లలకు మాత్రం మెత్తని పొడి కన్నా కొంచెం బరకగా ఉన్నదే మేలు, వేళ్ళ మధ్య ఇరుక్కోకుండా జారుతుంది.

బడి దీన్ని పాఠంగా తీసుకోగలదా అని సందేహించేవాళ్ళు శాంతినికేతన్ వైపు చూడాలి. బెంగాలీ ఆడవాళ్ళు వ్రతాలప్పుడు నేల మీద వేసే అల్పనను గంభీరంగా పరిశీలించి అవనీంద్రనాథ్ ఠాగూర్ 1919లో ‘బాంగ్లార్ బ్రత’ రాశారు. ఆయన శిష్యుడు నందలాల్ బోస్ కళాభవన్‌లో అల్పనను విద్యార్థుల శిక్షణలో భాగం చేశారు. ఇంటి ఆచారంగా అది చేతికి వచ్చిన సుకుమారి దేవి అక్కడ నేర్పారు, తర్వాత నందలాల్ కుమార్తె గౌరీ భంజ ఆ పని అందుకున్నారు. దేశంలోనే పేరెన్నికగన్న కళాశాల వాకిటి గీతకు తరగతి గదిలో పీట వేసింది. మనవైపూ అలాంటి చూపున్నవారు లేకపోలేదు. సిద్దిపేటలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పిన కాపు రాజయ్య (1925–2012) తెలంగాణ పల్లె పండగలనే తన చిత్రాలకు వస్తువు చేసుకుని దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. బడిలో బొమ్మలు నేర్పే మాస్టారి చూపు ఊరి వైపు తిరిగితే ఏం జరుగుతుందో ఆయన జీవితమే చెబుతుంది.

అలాంటి మాస్టారు ప్రాథమిక పాఠశాలకు ఏరీ? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూస్తే, చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వందకు మించితేనే చెప్పింది. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్ళకు ఆ ఊసే లేదు. చేయి వంగే వయసులో నేర్పేవాళ్ళు లేరు, బిగుసుకున్నాక వస్తారు. ఆ లోటు పూడ్చగలిగే అమ్మమ్మలు, నానమ్మలు బడికి నాలుగిళ్ళ అవతలే ఉన్నా వాళ్ళను పిలిచే ఆలోచన ఎవరికీ రాదు.

ఇలా ఖాళీగా వదిలేసిన చోటునే నకిలీ ఆక్రమించుకుంది. ప్లాస్టిక్ జల్లెడలు వచ్చాయి: నేల మీద పెట్టి పొడి పోసి చేత్తో రాస్తే తామరపువ్వు తయారు. చిల్లుల గొట్టాలు వచ్చాయి: దొర్లిస్తే బారెడు అంచు పడుతుంది. గడప మీద అంటించే స్టిక్కర్ల సంగతి సరేసరి. ఇంటి దగ్గర తీరిక లేని తల్లి వాడుకుంటే అర్థం చేసుకోవచ్చు. కానీ బడి పోటీకి జల్లెడ పట్టుకొచ్చిన పిల్లకు బహుమతి ఇవ్వడం ఏమిటి! అది ఆ పిల్ల చేతికి చేసిన అన్యాయం. పక్కన చుక్కలు పెట్టుకుంటూ చెమటోడ్చిన పిల్లకు అంతకంటే పెద్ద అన్యాయం.

జల్లెడ కన్నా రంగులు చేసిన చెరుపు ఎక్కువ. ఒకప్పుడు గీత అందం చూసేవారు. ఇప్పుడు న్యాయనిర్ణేతలు దూరం నుంచి ఎర్ర, నీలం, ఆకుపచ్చ ఎంత గుప్పించారో చూసి మార్కులు వేస్తున్నారు. దాంతో పిల్లలు గీత మానేసి, సుద్దముక్కతో ఫోన్‌లోని బొమ్మను చుట్టుగీత గీసుకుని అరకిలో చొప్పున రంగు పోస్తున్నారు. ఆ రంగు కింద చుక్క ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెల్లటి మెలిక ముగ్గు వేసిన పిల్లకు ప్రోత్సాహక బహుమతి కూడా దక్కని పోటీలు కోకొల్లలు. ‘రంగుల్లేవు కదమ్మా’ అంటారు. రంగు లేకుండా, ఒక్క గీతతో అరచేతి వెడల్పు నుంచి వాకిలంత దాకా పెరగడమే కదా ఆ విద్య ఘనత! దానికి శిక్ష వేస్తున్నారు. ఇక పిల్లలను పక్కన కూర్చోబెట్టి తామే వేసేసే టీచర్లు, గేటు దగ్గర నిలబడి ‘అటు కాదు, ఇటు తిప్పు’ అని కేకలేసే తల్లులు ఉండనే ఉన్నారు. మగపిల్లల పని నీళ్ళ బకెట్లు మోయడం, గాలిపటాలెగరేయడం. గసాభా మగపిల్లలకు అక్కర్లేదా? వాళ్ళకూ రెండు చేతులు, పదివేళ్ళూ ఉన్నాయి.

సరిచేయడానికి కొత్త నిధులేమీ అక్కరలేదు. ఒకటో తరగతికి పిండి ఇవ్వనక్కరలేదు. చింతగింజలు వరుసలుగా పేర్పించి, వాటి చుట్టూ ఉన్ని దారం తిప్పించాలి. దారం ఒక గింజ దగ్గర తప్పితే వెనక్కి తీసి మళ్ళీ తిప్పుకోవచ్చు, భయం ఉండదు. రెండు, మూడు తరగతులకు పలకలు, గళ్ళ నోటుబుక్కులు. నాలుగు, ఐదు తరగతులకు నేల, నిజమైన పిండి, ‘ఐదు చుక్కలు, మూడు వచ్చేవరకూ సందు’తో మొదలు. 19 చుక్కలే కాబట్టి పీరియడ్‌లో అయిపోతుంది. వారానికొకరోజు ఊళ్ళో చేయి తిరిగిన పెద్దావిడను కుర్చీ వేసి పిలవాలి, వెళ్ళేటప్పుడు అందరి ముందూ శాలువా కప్పాలి. పోటీ నాడు జల్లెడ, స్టిక్కరు, ఫోను గేటు బయటే ఆగాలి. సగం మార్కులు చుక్కల వరుసకూ గీత తెగకపోవడానికీ, రంగుకు పదికి మించకుండా. మగపిల్లల జట్లు తప్పనిసరి. చివర్లో ఒక్కో తరగతి ఒక్కో రథం ముగ్గు వేసి, కనుమనాడు వీధుల్లో చేసినట్టే ఒకదాని తాడు ఇంకొకదానికి కలిపితే వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఐదు రథాలు నడుస్తాయి.

నెలగంటకూ సంక్రాంతి సెలవులకూ మధ్య ఆదివారాలు, క్రిస్మస్ పోగా 20 పనిదినాల దాకా దొరుకుతాయి. ప్రధానోపాధ్యాయులు ఈ ఏడాది అందులో రోజుకు అరగంట ఇవ్వాలి. పోటీకి నిర్ణేతలుగా వెళ్ళేవాళ్ళు, బహుమతి ప్రకటించే ముందు ఒక్కసారి నేల మీదికి వంగి, రంగు కింద చుక్క కోసం వెతకాలి.