ఉచితానికీ ఒక ఖరీదు

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలకు లాభనష్టాల లెక్కలు చెబుతుంటాను. సాఫ్ట్‌వేర్ కొలువుకైనా, బ్యాంకు పరీక్షకైనా ఆప్టిట్యూడ్ గడప దాటాల్సిందే. కోడింగ్‌లో చేయి తిరిగినవాళ్లు కూడా ‘నాలుగు కొంటే ఒకటి ఉచితం’ దగ్గర తడబడతారు. నాలుగింటికి ఒకటి కదా అని 25 శాతం తగ్గింపు వేసేస్తారు. దుకాణం నుంచి బయటికి వెళ్లినవి ఐదు. ఐదింటిలో ఒకటి ఉచితం, అంటే తగ్గింపు 20 శాతమే.

దీనికో సూత్రం ఉంది: ఉచితంగా ఇచ్చినవాటిని మొత్తం వస్తువులతో భాగించి వందతో గుణించడం. కోచింగుల్లో అదే బట్టీ పట్టిస్తారు. నేను మాత్రం ముందు కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయమంటాను. ఎడమ పక్క బయటికి వెళ్లిన సరుకంతా రాయాలి, అదీ వ్యాపారి కొన్న ధరకు. కుడి పక్క గల్లాలో పడిన డబ్బు.

చొక్కా కొన్న ధర 500, స్టిక్కర్ మీద 1,250, ఒకటి కొంటే ఒకటి ఉచితం. ఎడమ పక్క రెండు చొక్కాల ఖర్చు 1,000, కుడి పక్క 1,250. లాభం 25 శాతం. సగానికి సగం వదులుకున్నట్టు కనిపించే వ్యాపారి నిజానికి రూపాయికి పావలా మిగుల్చుకున్నాడు. ధర వేసేటప్పుడే ఉచితాన్ని అందులో కలిపేశాడు మరి.

ఉచితంగా ఇచ్చేది వేరే వస్తువైతే ఆ సూత్రం అక్కరకు రాదు. అందుకే గీత మీద నాకంత పట్టుదల. లాప్‌టాప్ కొన్నది 40,000కు. దాంతో ఇచ్చే బ్యాగు వ్యాపారికి పడింది 800కు, దాని ట్యాగు మీద మాత్రం 2,000 అని ఉంటుంది. రెండూ కలిపి 45,900కు అమ్మాడు. పిల్లల్లో సగంమంది 2,000 తీసేస్తారు. ట్యాగు మీది ధర కొనేవాడికి చూపించేది, అమ్మేవాడి ఖర్చు 800. వెళ్లిన సరుకు 40,800, వచ్చింది 45,900, మిగిలింది 5,100. సరిగ్గా పన్నెండున్నర శాతం.

ఇదేదో పరీక్షల కోసం పుట్టించిన చిక్కు కాదు. జీఎస్టీ వచ్చాక వ్యాపారులకూ ఇదే సందేహం వచ్చింది. 2019 మార్చి 7న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 92వ నంబరు సర్క్యులర్‌లో జవాబిచ్చింది: ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ఒక వస్తువును ఊరికే ఇచ్చినట్టు కాదు, ఒకే ధరకు రెండు వస్తువులు అమ్మినట్టు. కాబట్టి రెండింటి మీదా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. ఏమీ తీసుకోకుండా పంచే ఉచిత శాంపిళ్లకు మాత్రం ఆ వీలు లేదు. ఈ సర్క్యులర్ సంగతి చెప్పినప్పుడు బీకామ్ పిల్లల ముఖాలు వెలుగుతాయి. తాము గీసిన గీతకు ఆఫీసుల్లోనూ చోటుందని తెలుస్తుంది.

ఉచితం మీద మళ్లీ తగ్గింపు కలిస్తే ఇంకాస్త జాగ్రత్త కావాలి. నాలుగుకు ఒకటి ఉచితం, పైగా బిల్లు మీద 10 శాతం తగ్గింపు అంటే 30 శాతం కాదు. వందలో 20 పోగా మిగిలిన 80 మీదే ఆ పది శాతం. మొత్తం 28.

ఈ లెక్క మాల్‌లో బాగానే ఒప్పుతుంది, స్టిక్కర్ వేసేది వాళ్లే కాబట్టి. బోయినపల్లి మార్కెట్లో కూరగాయలు కొనుక్కొచ్చి మాదాపూర్ సందుల్లో తోపుడు బండి మీద అమ్మే మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. కిలో టమాటా 40కి పడి, 44కి అమ్ముతుందనుకోండి. తూకం అయ్యాక మనం చేయి చాచి కొసరు అడుగుతాం. వంద గ్రాములు వేసిందంటే ఎడమ పక్క 44, కుడి పక్క 44. పొద్దుటి నుంచి బండి తోసినందుకు ఆ కిలో మీద మిగిలింది సున్నా. కొసరు యాభై గ్రాములైతే 42 ఖర్చుకు రెండు రూపాయలు, ఐదు శాతం కూడా కాదు. వాడిపోయి పారేసే టమాటాలను నేనింకా ఎడమ పక్క రాయనేలేదు.