ఆట తెరిపించు విద్య

తిరుపతి, చిత్తూరు పట్టణముల సందులలో కంప్యూటర్లు బాగుచేయు చిన్న దుకాణదారుని నేర్పును మెచ్చుకొనువారు అరుదు. సెలవులనాడు ఒక కుర్రవాడు సీపీయూను మోసికొని వచ్చి, ‘గేము ఓపెనే కాలేదు నా’ యని దిగాలుగా నిలువగా, ‘ఉండబ్బా, చూద్దాం’ అనుచు, ఆతడు ముందుగా, మనము చదువకయే ‘ఓకే’ నొక్కి పారవైచు ఆ దోషసందేశమును అక్షరమక్షరము చదువును. ‘వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్’ కానరాలేదని యున్నచో, ఆ ఒక్క ఫైలును ఏదో అనామక స్థలమునుండి ఎరువు తేక, మైక్రోసాఫ్టువారి విజువల్ సీ ప్లస్ ప్లస్ మూటనే ఎక్కించును. సందేశమేదియు లేక ఆట మౌనముగా మూతపడెనా, ఈవెంట్ వ్యూయర్‌లో కూలిన మాడ్యూలు పేరు వెదకును, గ్రాఫిక్స్ డ్రైవరును సరిచూచును, యాంటీవైరస్ చెరబట్టిన ఫైళ్లను పరీక్షించి, నిర్దోషులైనచో విడిపించును. 2003లో కంప్యూటర్లకు వచ్చి నేటికిని మన కుర్రకారును వదలని జీటీఏ వైస్ సిటీ మొండికెత్తినచో, డాక్యుమెంట్స్‌లోని ‘జీటీఏ_వీసీ.సెట్’ అను అమరికల ఫైలును మాత్రమే తొలగించి, పిల్లవాడు గెలిచి దాచుకొనిన ఘట్టములకు హాని రానీయడు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితము చూచి, పిదపనే రెండవదానికి చేయి చాచు ఆ నిదానము పెద్ద వైద్యులకును అలవడునో లేదో! విండోస్‌ను మరల ఎక్కించుట సులభము, కూలియు నెక్కువ; ఐనను దానిని కడపటికుంచు ఇట్టివాడు మీ వీధిలో నున్నచో, అడిగిన పైకము బేరమాడక చెల్లింపుడు.