ఇసుకలో దాచుకున్న నీళ్లు

మంజీరా, నీకు సముద్రం లేదు. బొర్రా గుహల కిందుగా వచ్చే గోస్తని 120 కిలోమీటర్లు పారి, భీమిలి దగ్గర తన పేరుతోనే కడలిలో కలుస్తుంది. శారదకు ఆ భాగ్యం ఉంది, నాగావళికి ఉంది. నువ్వేమో బీడు జిల్లా బాలాఘాట్ కొండల్లో, 823 మీటర్ల ఎత్తున పుట్టి, 724 కిలోమీటర్లు నడిచి, తీరా కందకుర్తి దగ్గర పేరూ నీరూ గోదావరికి ఒప్పజెప్పేస్తావు. అయినా నేను పాడేది నిన్నే. నీ నీళ్లతో పండిన మా కోటగిరి అన్నం తిన్న నోరు ఇంకెవరిని పాడుతుంది!

ఎంత చిత్రమైన నడక నీది! లాతూరు నేలను తడిపి, బీదరు పొలాల వెంట తూర్పుకు దిగివస్తావు. మరాఠీ విని, కన్నడం విని, తెలుగు గడ్డ మీద అడుగు పెడతావు. ఏడుపాయల దగ్గర పాయలు పాయలుగా చీలి, వనదుర్గమ్మ చుట్టూ తిరిగి మళ్లీ ఒక్కటవుతావు. అంతకు ముందే, ఇంకాస్త తూర్పుకు పోతావనుకునే చోట, మెదక్ సీమలోనే ఉత్తరానికి మళ్లుతావు. దక్కను నదులు చాలావరకు పొద్దు పొడిచే దిక్కుకు పరుగెత్తుతుంటే నువ్వు మా కోసమే మలుపు తీసుకున్నావని నా నమ్మకం. భూమి వాలు అలా ఉందని భూగోళం చదివినవాళ్లు చెబుతారు. నిజమే కావచ్చు. ఆ వాలుకూ దండం.

సింగూరు ఆనకట్టకూ మంజీరా బ్యారేజీకీ నడుమ నీ ఒడి మొసళ్లది. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్ల మధ్య మట్టిగడ్డల మీద, తుమ్మచెట్ల కింద అవి నోరు తెరుచుకుని ఎండ కాగుతాయి. చలికాలం వచ్చిందంటే ఆ గడ్డల చుట్టూ బాతులు, నీటికాకులు, ఎర్రకాళ్ల కొంగలు. తల్లి మొసలి ఒడ్డున గుంత తవ్వి, గుడ్లు పెట్టి, కప్పేసి కాపలా కాస్తుంది. పుట్టేది ఆడదా మగదా అన్నది ఆ ఇసుక వేడే తేలుస్తుంది. 31 డిగ్రీల లోపుంటే ఆడపిల్లలు, 32.5 దగ్గర మగపిల్లలు. నీ ఇసుక అంత పని చేస్తుందమ్మా! ఊరికే పడి ఉన్నట్టు కనబడే ఇసుక!

అచ్చంపేట దగ్గర నిన్ను ఆపారు. 1923లో పని మొదలై 1931లో నిజాంసాగర్ నిలిచింది. అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగు, ఏడో నిజాం ఖజానా, పేరు తెలియని కూలీల చెమట. నీళ్ల కింద మునిగిన పల్లెలను కూడా తలుచుకోకుండా ఈ మాట చెప్పకూడదు. కాలువలు వచ్చాయి. బాన్సువాడ, వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధను దాకా వరీ చెరుకూ పచ్చబడ్డాయి. ఆ కాలువల నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి రైతు కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చాయి. వాళ్లు దిగిన చోట్లకు క్యాంపులన్న పేరు నేటికీ ఉంది. సముద్రం దాకా నువ్వు పోలేదు, సముద్రం దగ్గరి మనుషులే నిన్ను వెతుక్కుంటూ వచ్చారు.

అందరూ తాగగా మిగిలిన నువ్వు మా దగ్గరికి వస్తావు. పైన హైదరాబాదు గొంతు తడిపి, కాలువలకు పంచి, బీర్కూరు దాటి కోటగిరికి పడమట పోతంగల్ పక్కగా సాగుతావు. మార్చి ఎండలో ఆ ఒడ్డు దిగితే కొత్తవాడికి నది కనబడదు. కనుచూపు మేర ఇసుక, ఎక్కడో ఒక పక్కన పిక్కల్లోతు పాయ. నది ఎండిపోయిందని అతను వెనక్కి తిరుగుతాడు. పాపం, వంగి చూడడు.

వంగి, చేత్తో తోడాలి. పైన పొడి ఇసుక కాలుతుంటుంది. జానెడు లోతున రంగు మారుతుంది, వేళ్లకు చల్లగా తగులుతుంది. మూరెడు లోతున గుంత అంచులు జారడం మొదలై, అడుగున ఒక మెరుపు పుడుతుంది. మొదట ఊరిన నీళ్లు మడ్డిగా ఉంటాయి, చిప్పతో ఎత్తి పారబోయాలి. మళ్లీ ఊరాలి. మూడోసారికి చెలిమె తేటపడి అడుగున గింజగింజా కనబడుతుంది. దోసిలి పట్టి తాగితే ఇంటి కుండలో నీళ్లంత చల్లన. పారే నది పైన లేదు, కిందుంది. ఇసుక గింజకూ గింజకూ మధ్య సందుల్లో, ఎండ కంటపడకుండా, ఒడ్డు బావులకు ఊట ఇస్తూ ఉత్తరానికే నడుస్తోంది.

ఆ ఇసుక మీదే తీతువు కాపురం. గూడు లేదు, పుల్ల లేదు. గులకరాళ్ల మధ్య చిన్న పల్లం చేసుకుని, మచ్చల గుడ్లు నాలుగు, సన్నమొనలు లోపలికి తిప్పి పెడుతుంది. రెండడుగుల దూరంలో నిలబడ్డా అవి రాళ్లే. మిట్టమధ్యాహ్నం ఇసుక పెనంలా కాలే వేళ అది పాయ దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, గుడ్ల మీద నిలబడుతుంది. పొదగడానికి కాదు, చల్లార్చడానికి. ఆడా మగా వంతులేసుకుంటాయి. మనిషి అలికిడైతే కూత మొదలు, తల మీదుగా చక్కర్లు. అపశకునమని దాన్ని తిట్టేవాళ్లుంటారు. బిడ్డల మీద గొడుగు పట్టే తల్లి అరుపది. శకునం కాదు.

ఆ గుడ్ల మీదుగా లారీ టైర్లు పోతాయి. జేసీబీ ఒక్కసారి ఎత్తే బొచ్చెడు ఇసుకలో ఎన్ని చెలిమెలున్నాయో ఎవరూ లెక్కగట్టరు. ఇల్లు కట్టాలంటే ఇసుక కావాలి, కాదనను. కానీ గుల్లరాయి తేలేదాకా నిన్ను గీకితే ఇక నీళ్లు ఎక్కడ దాచుకుంటావు? వానకు వచ్చిన నీళ్లు వచ్చినట్టే జారిపోతాయి. ఒడ్డు బావిలో మోటారు గాలి పీలుస్తుంది. నా కోపమంతా ఇక్కడే.

కరువులో నిన్ను చూశాం. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీళ్లు తెచ్చారు. నువ్వు తడిపే నేలకే నీళ్ల రైలు! అదే ఏడు సెప్టెంబరులో వాన విరుచుకుపడింది. సింగూరు నిండింది, నిజాంసాగర్ గేట్లు లేచాయి. ఎర్రగా, కొమ్మలూ తుంగా మోసుకుని, ఒడ్డు నుంచి ఒడ్డుకు నువ్వు పొంగి వచ్చావు.

వరద తీశాక మడుగుల్లో కొర్రమీను పిల్లలు ఎర్రెర్రగా గుంపుకట్టి పైకి లేస్తాయి. గాలి గుటక వేసి దిగుతాయి. కింద తల్లో తండ్రో నల్లగా కావలి తిరుగుతుంది. ఒడ్డున రెల్లు తెల్లబడుతుంది, వావిలి నీలంగా పూస్తుంది, మిట్ట మీద తంగేడు పసుపు పోసుకుంటుంది. ఇక ఆడబిడ్డలు తంగేడూ గునుగూ పేర్చిన బతుకమ్మలతో వస్తారు. ఆ పూలకోసమైనా నీళ్లుండాలి, తల్లీ.

సాలూర వంతెన కింద తెలుగుకూ మరాఠీకీ నడుమ నడిచి, కందకుర్తి చేరతావు. హరిద్ర నది కూడా అక్కడే వచ్చి కలుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలకు అక్కడ మునకలేసే జనానికి ఒక మాట చెప్పాలని ఉంది: గోదారమ్మకు పసుపూ కుంకుమా ఇచ్చేటప్పుడు దక్షిణం వైపు తిరిగి ఇంకో చిటికెడు వదలండి. మంజీర ఆ దిక్కు నుంచే వస్తుంది.