ముందు బండి నేల, తర్వాతే కాలికట్టు

ముహూర్తాలు మొదలయ్యాయంటే నల్లకుంట నుంచి తార్నాక దాకా ఫంక్షన్ హాళ్ల ముందు తెల్ల గుర్రాలు కనబడతాయి. మెడలో పూసల దండలు, తల మీద తురాయి, వీపున జరీ గుడ్డ. బరాత్ కదిలాక అందరి కళ్లూ పెళ్లికొడుకు మీదే. నా చూపు మాత్రం గుర్రం మోకాళ్ల కిందికి పోతుంది. దాన్ని ఎలా చూసుకుంటున్నారో ముస్తాబును బట్టి తెలియదు, కాళ్లను బట్టి తెలుస్తుంది. ఆ కాళ్ల మీద నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం ఊరేగింపులో తగిలినవి కావు. బండి ఎక్కేటప్పుడో, దిగేటప్పుడో, దారిలో డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడో తగిలినవి.

ఈమధ్యే ఓ హాలు పక్క సందులో దగ్గరుండి చూశాను. డీసీఎం వ్యాను రివర్సులో వచ్చి ఆగింది. వెనక తలుపు కిందికి దించి, దాని మీద ఓ గోనెసంచి పరిచారు. లోపల రేకు నేల. దాని మీద వేసిన పిడికెడు గడ్డి మూత్రానికి తడిసి జారుడుగా ఉంది. గుర్రానికి తిరగడానికి చోటు లేదు, వెనక్కి నడుస్తూనే దిగాలి. వెనక కాలితో అంచు ఎక్కడుందో తడిమి చూసుకుంది, మళ్లీ లోపలికి తీసుకుంది. పట్టుకున్న కుర్రాడికి తొందర. పగ్గం ఊపాడు. కాలు వేయగానే గోనెసంచి జారింది. గిట్ట, తలుపుకూ బండికీ మధ్య ఉన్న సందులోకి దిగి బయటికొచ్చింది. గిట్ట మొదలై, వెంట్రుకలు ఆగిపోయే అంచు దగ్గర తోలు లేచి రక్తం కారింది. కుర్రాడు నీళ్లు పోసి, పసుపు అద్దాడు. "దీనికి అలవాటే సార్" అన్నాడు. కాసేపటికి ఆ గుర్రం బ్యాండు వెనక నిలబడింది.

ఆ అంచు గుర్రం కాలిలో చాలా సున్నితమైన చోటు. మన గోరు మొదట్లో ఉండే మెత్తటి భాగం లాంటిదే అది. గిట్ట పుట్టేది అక్కడే. అక్కడ లోతుగా గాయమైతే ఆ పైన వచ్చే గిట్ట వంకరగానో పగులుతోనో పెరుగుతుంది. అక్కడ పుట్టిన గిట్ట నేలదాకా పెరగడానికి ముందు కాలికి దాదాపు ఏడాది పడుతుంది. క్షణంలో తగిలిన దెబ్బను ఆ జీవం ఏడాదిపాటు మోస్తుంది.

మోకాలి కింద గుర్రానికి కండ లేదు. ఎముక, వెనకవైపు దాన్ని ఆనుకుని దిగే స్నాయువులు, పల్చటి తోలు, అంతే. నాలుగు వందల యాభై కిలోల ఒళ్లు ఆ నాలుగు కాళ్ల మీద నిలుస్తుంది. అందులో అరవై శాతం దాకా బరువు ముందు కాళ్లదే. కండ లేదు కనుక దెబ్బను మింగే మెత్త లేదు. రక్తప్రసారం తక్కువ కనుక గాయం ఆలస్యంగా మానుతుంది. స్నాయువు ఒకసారి చిట్లితే నెలల తరబడి విశ్రాంతి కావాలి, మానినా పాత సాగుడు గుణం పూర్తిగా తిరిగి రాదు.

ఇంకో సంగతి. గుర్రం నిలబడే కునుకు తీయగలదు. కాలి కీళ్లను స్నాయువుల సాయంతో బిగించి, కండలకు పని చెప్పకుండా నిలబడే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది. కదిలే బండిలో ఆ ఏర్పాటు పనికిరాదు. ప్రతి మలుపుకూ ప్రతి గుంతకూ కాళ్లు ఎడం చేసుకుని, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఉండాలి. మనం సీట్లో కూర్చుని "గుర్రం ఊరికే నిలబడింది కదా" అనుకునే సమయమంతా అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే దూరప్రయాణం చేసిన గుర్రం బండి దిగగానే దాని మీద ఎక్కకూడదు.

మా ప్రాంతానికి గుర్రాలు కొత్తవి కావు. తార్నాక పక్కనే ఉన్న మౌలాలిలో 1868లో పందేలు మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, అవి మలక్‌పేటకు మారాయి. మధ్యలో కొంతకాలం సికింద్రాబాద్‌కు వెళ్లి మళ్లీ మలక్‌పేటకే చేరాయి. వానాకాలం, చలికాలం సీజన్లకు పుణె నుంచి, బెంగళూరు నుంచి గుర్రాలు రోడ్డు మీదే వస్తాయి, పోతాయి. ఈ రాకపోకల వల్ల మన నగరంలో గుర్రం కాలికి కట్టు కట్టే పని ఒక చేతిపనిగా నిలిచింది.

ఆ పని తెలిసినాయన ఒకరు అడిక్‌మెట్‌లో ఉంటారు. రేసు గుర్రాల బాగోగులు చూసే సాయీసుగా చేసి మానుకున్నారు. మేమంతా చాచా అంటాం. కట్టు ఎలా కడతారని అడిగితే మాటలతో సరిపెట్టకుండా నా ముంజేయి పట్టుకున్నారు. ముందు చేయి తుడిచారు. చెమట గానీ గడ్డిపరక గానీ దూది కింద ఉండిపోతే దారంతా తోలును రాస్తూనే ఉంటుందట. తర్వాత దూది పరుపు. పల్చటి గుడ్డ పొరల మధ్య దూది పరిచిన ఆ పట్టీని గుర్రాల మనుషులు గామ్జీ అంటారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో శాంప్సన్ గామ్జీ అనే సర్జన్ మనుషుల గాయాల కోసం 1880లో దాన్ని తయారుచేశాడు. ఆయన తండ్రి పశువైద్యుడు, తాను మొదట చదివిందీ పశువైద్యమే. మనుషుల కోసం పుట్టిన ఆ దూది గుర్రపు శాలల్లో స్థిరపడిపోయింది.

దూదిని ముడత లేకుండా చుట్టి, దాని మీద గుడ్డ పట్టీ మొదలుపెట్టారు చాచా. మొదలు కాలి మధ్యలో, పక్కవైపు. అక్కణ్ణుంచి కిందికి దిగి, గిట్ట పైని కీలును చుట్టి, మళ్లీ పైకి వచ్చి, మోకాలి కింద ఆగాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. కుడి కాలికి గడియారం ముల్లు తిరిగే దిక్కున, ఎడమ కాలికి దానికి ఎదురు దిక్కున తిప్పాలి. లాగే బలం ముందున్న ఎముక మీద పడాలి తప్ప వెనకనున్న స్నాయువు మీద పడకూడదు. పైనా కిందా దూది కాస్త బయటికి కనబడాలి, లేకపోతే పట్టీ అంచు తోలును కోస్తుంది. ముడి ఎప్పుడూ బయటివైపు పక్కన వేయాలి. ఎముక మీదా వద్దు, స్నాయువు మీదా వద్దు.

తర్వాత కావాలనే ఒక చుట్టు బిగించి, వదిలేసి, టీ తాగమన్నారు. కప్పు ఖాళీ అయ్యేలోపే నా వేళ్లు తిమ్మిరెక్కాయి. "నీకు నోరుంది బేటా, చెప్తవ్. దానికి లేదు" అన్నారు. బిగువు మొత్తం ఒకేలా ఉండాలని, పై అంచులో వేలు దూరాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ బిగువు ఎంతో నాకు తెలిసింది ఆ రోజే. ఒకేచోట బిగిసిన చుట్టు స్నాయువును నొక్కి వాపు తెప్పిస్తుంది, కాపాడాల్సిన కట్టే గాయం చేస్తుంది. వదులైతే మరో ప్రమాదం. జారిన పట్టీ గిట్ట కింద పడుతుంది, గుర్రం దాన్నే తొక్కి కదిలే బండిలో తూలుతుంది. సరిగా కట్టడం రానివాళ్లు ఆ పనికి పూనుకోకపోవడమే మేలని చాచా తీర్పు. నేనూ ఆ మాటే అంటాను.

ఇప్పుడు వెల్‌క్రోతో అంటుకునే ప్రయాణపు బూట్లు వచ్చాయి. మోకాలి నుంచి గిట్ట అంచుదాకా కప్పుతాయి, తొడగడం సులువు. గిట్ట చుట్టూ గంటలా ఉండే రబ్బరు తొడుగులూ ఉన్నాయి. ఒక కాలి గిట్ట ఇంకో కాలి మడమను తొక్కకుండా ఇవి ఆపుతాయి. వీటికీ అలవాటు కావాలి. ఎన్నడూ తొడగని గుర్రానికి ప్రయాణం రోజే తొడిగితే అది కాళ్లు విదిలించి బండి గోడలను తన్నుతుంది. ముందు రోజుల్లో శాలలో కాసేపు తొడిగి నడిపించాలి. ఎండాకాలంలో మన దగ్గర మరో చిక్కు ఉంది. దూది కింద కాలు ఉడికిపోతుంది, వేడెక్కిన స్నాయువుకు అది మంచిది కాదు. తెల్లవారుజామునో రాత్రిపూటో బయల్దేరడం, ఆగినచోటల్లా కట్టు కింద చేయి పెట్టి చూడటం తప్పనిసరి.

ఇంత చెప్పాక నా అసలు మాట. కట్టు ఆఖరి రక్షణ. దానికి ముందు బండి నేల ఉంది, అడ్డుకర్రలున్నాయి, డ్రైవరు పాదం ఉంది. మన చట్టం కూడా ఈ వరసలోనే ఆలోచించింది. 1978 నాటి జంతువుల రవాణా నియమాలలో గుర్రాలకు విడిగా ఒక భాగం ఉంది. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. మామూలు సరుకుల బండి వాడితే నేల జారకుండా ఏదైనా పరచాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం ఎనిమిది సెంటీమీటర్ల మందం వెదురు బొంగు, ముందూ వెనకా గట్టి అడ్డపట్టీలు ఉండాలి. ఎదురొచ్చే బండ్లకు బెదరకుండా తల ఎడమవైపు ఉండాలి. బండికి నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించకూడదు. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు.

ఆ వేగం విని నవ్వేవాళ్లుంటారు. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 570 కిలోమీటర్లు పోవడానికి పదహారు గంటలు పైనే. నియమం రాసినవాళ్లు గుర్రం వైపు నుంచి చూశారు. తొంభైలో పోయే బండి సడన్‌గా ఆగితే మనల్ని సీటు బెల్టు పట్టుకుంటుంది. గుర్రాన్ని పట్టుకునేవి దాని కాళ్లే. పదహారు గంటలు పడుతుందంటే మధ్యలో ఆపాలి, నీళ్లు పెట్టాలి, తల కిందికి దించుకోనివ్వాలి. తల ఎత్తి కట్టేస్తే గొంతులో చేరిన దుమ్మూ కఫమూ కిందికి జారవు, ఊపిరితిత్తులకు చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లకు ఎంత దూది చుట్టినా దానికి మందు కాదు.

దారిలో గుర్రం పోతే పోయిందిలే అనుకునే కాలం ఒకటుండేది. పదహారో శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఒక సంగతి రాశాడు. అంతకుముందు ఆ రాజ్యాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు సముద్రం మీద వచ్చే గుర్రాలను బతికినా చచ్చినా కొనేవాడట. దారిలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికినదాని ధరే ఇచ్చేవాడట. సైన్యానికి గుర్రాలు అంత అవసరం కనుక ఇచ్చాడు. వర్తకుడికి నష్టం లేకపోతే ఓడలో గుర్రాన్ని జాగ్రత్తగా తేవాల్సిన పనేముంది? దారి ఖర్చంతా గుర్రమే తన ప్రాణంతో కట్టింది.

ఆ కాలం పోయిందనుకోవడానికి లేదు. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో, నడిఎండల్లో, హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను రోడ్డు మీద జబల్‌పూర్‌కు తరలించారు. కొద్దిరోజుల్లోనే వాటిలో ఎనిమిది చనిపోయాయి. విషయం హైకోర్టుకు వెళ్లింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. ఆ ఎండలో ఆ దూరం గుర్రాలను ఎక్కించకూడదని చెప్పడానికి మాత్రం తీర్పు కోసం ఆగనక్కర్లేదు.

ఒకే నగరంలో రెండు రకాల గుర్రాలున్నాయి. మలక్‌పేట గుర్రానికి దూది, బూట్లు, డాక్టరు, తెలిసిన డ్రైవరు దొరుకుతారు. దాని వెల ఎక్కువ కనుక దాని కాళ్ల వెలా ఎక్కువ. మన వీధుల్లోకొచ్చే పెళ్లి గుర్రం సీజన్‌లో సాయంత్రమయ్యేసరికి బండెక్కుతుంది, రాత్రి బ్యాండు ఆగాక మళ్లీ ఎక్కుతుంది. దాని కాళ్లకు ఉన్నది ఓ గోనెసంచి. ఆ యజమానులంతా కఠినులని నేననను. చాలామంది ఆ ఒక్క గుర్రం మీదే ఇల్లు నడిపేవాళ్లు. ఒక రబ్బరు మ్యాటు, జారకుండా అడ్డంగా పుల్లలు కొట్టిన ఓ చెక్క మెట్టు, నేల మీద ఇసుక కలిపిన మందపాటి గడ్డి, రెండు వెదురు బొంగులు. వీటికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. అడిగేవాడు లేక అవి లేవు.

అడగాల్సింది మనం. పెళ్లికి గుర్రం మాట్లాడుకునేటప్పుడు రంగు, ఎత్తు, అలంకారం అడుగుతాం, బేరమాడతాం. వాటితోపాటు ఇంకో నాలుగు అడగండి. ఏ బండిలో తెస్తారు? నేల మీద ఏం పరుస్తారు? దిగడానికి మెట్టు ఉందా? కాళ్ల మీద పాత గాయాలున్నాయా? వచ్చినరోజు ఎవరినైనా ఒకరిని పంపి, బండి ఆగేచోట చదునుగా ఖాళీ ఉంచండి, బ్యాండు శబ్దం దగ్గరికి రాకుండా చూడండి, దాన్ని తొందరపెట్టకుండా దిగనివ్వండి. కుంటుతూ దిగితే ఎక్కకండి. పెళ్లికొడుకు నడిచి వచ్చినా పెళ్లి ఆగదు. మ్యాటు ఉన్న బండికి కాస్త ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. నలుగురు అలా ఇస్తే మిగతావాళ్లూ మ్యాటు కొంటారు.