మూడొందల గుర్రాలు, అరచేతంత రబ్బరు

కవాసాకి నింజా హెచ్2ఆర్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్ల వెనక ఒక అల్యూమినియం చక్రం దాగి ఉంటుంది. వ్యాసం 69 మిల్లీమీటర్లే, పిడికిట్లో పట్టేస్తుంది. ఫోర్జ్ చేసిన ఒకే దిమ్మ నుంచి ఐదు అక్షాల మీద తిరిగే యంత్రం దాన్ని చెక్కి తీస్తుంది. మొన దగ్గర ఆరు రెక్కలు, మొదలుకు వచ్చేసరికి పన్నెండు. గాలి లోపలికి వచ్చేటప్పుడు దారి విశాలంగా ఉండాలి, లోపలికి వచ్చాక తప్పించుకోవడానికి సందు ఉండకూడదు. ఆ రెండూ ఒకే చక్రంలో కుదిరేలా రెక్కల వంపు తీర్చారు. సూపర్‌చార్జర్‌కు గుండెకాయ ఈ ఇంపెల్లరే.

ఇంజిన్ నిమిషానికి 14,000 చుట్లు తిరుగుతుంటే ఇది దాదాపు 1,30,000 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలతను ఆ వేగంతో గుణించి చూస్తే రెక్క అంచు సెకనుకు సుమారు 470 మీటర్లు పరుగెడుతోందని తేలుతుంది. శబ్దం వేగం 343 మీటర్లే. అంత వేగంలో తూకం వెంట్రుకవాసి తప్పినా బేరింగులు నిలవవు. మామూలు గేర్లతో ఇంత వేగం రాబట్టాలంటే పెద్ద పళ్ళచక్రాలు కావాలి, బైకులో వాటికి చోటు లేదు. అందుకే గ్రహాల్లా కేంద్రం చుట్టూ తిరిగే గేర్ల కూటమిని ఎంచుకున్నారు. క్రాంక్‌షాఫ్ట్ వేగం ముందు 1.15 రెట్లు అవుతుంది, ఆ తర్వాత ఈ కూటమిలో 8 రెట్లు. మొత్తం 9.2. మోటార్‌సైకిల్ విభాగం ఈ పని ఒంటరిగా చెయ్యలేదు. విమానాలు, గ్యాస్ టర్బైన్లు తయారుచేసే సోదర విభాగాల ఇంజనీర్లు పక్కన కూర్చున్నారు. బయటి కంపెనీ నుంచి సూపర్‌చార్జర్ కొని తగిలించి ఉంటే ఈ పొందిక వచ్చేది కాదని నా నమ్మకం.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి గాలి పలచన, పైగా ఇంజిన్‌లో అకాల పేలుడుకు దారితీస్తుంది. కాబట్టి ఇలాంటి బళ్ళకు గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టడం రివాజు. హెచ్2ఆర్‌లో అది లేదు. ఇంపెల్లర్ గాలిని అనవసరంగా వేడెక్కించకుండా నొక్కుతుంది, ఆ గాలి చేరే ఆరు లీటర్ల గదిని ప్లాస్టిక్‌తో కాక అల్యూమినియంతో చేసి వేడిని బయటికి పోనిచ్చారు. కంప్రెషన్ నిష్పత్తి దించారు. పిస్టన్లు ఫోర్జ్ చేసినవి కావు, పోత పోసినవి. రేసు ఇంజిన్ అనగానే ఫోర్జ్ చేసినవే మేలనుకుంటాం. ఈ వేడిలో పోత పిస్టన్లే గట్టిగా నిలుస్తాయని పరీక్షించి తేల్చుకున్నారు. ఖరీదైనదాన్ని కాక సరైనదాన్ని ఎంచుకున్న ఆ ఒక్క నిర్ణయం దగ్గర నాకు ఈ ఇంజనీర్ల మీద గౌరవం రెట్టింపయింది.

ఇన్ని చేసి 998 సీసీ నుంచి 310 గుర్రాల శక్తి రాబట్టారు. 2014లో కొలోన్ ప్రదర్శనలో హెచ్2ఆర్‌ను జనం ముందుకు తెచ్చినప్పుడు పత్రికలన్నీ ఈ అంకె చుట్టూనే తిరిగాయి. కానీ నిలిచిన చోటు నుంచి సూటిగా దూసుకుపోయే పందెం జరిగే డ్రాగ్ స్ట్రిప్ మీద నిలబడ్డ మనిషికి 310 అన్నది సగం కథే. ఆ శక్తి వెనక టైరు దగ్గర రోడ్డును తాకే అరచేతంత రబ్బరు గుండా నేలలోకి దిగాలి.

ఒక చిన్న లెక్క. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1,450 మిల్లీమీటర్లు. రైడరుతో కలిపి బరువు కేంద్రం సరిగ్గా మధ్యలో, నేలకు 650 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. అప్పుడు త్వరణం సుమారు 1.1 జి దాటితే ముందు చక్రం లేస్తుంది. ఆపైన బండి ముందుకు పోవడానికి బదులు వెనక్కి తిరగబడుతుంది. 216 కిలోల బండి, 75 కిలోల మనిషి. ఆ హద్దులో వెనక టైరు తోయగలిగింది దాదాపు 3,100 న్యూటన్లు. 310 గుర్రాలంటే 228 కిలోవాట్లు. ఈ శక్తిని ఆ తోపుతో భాగిస్తే సెకనుకు 73 మీటర్లు, అంటే గంటకు 260 కిలోమీటర్లు. గాలి నిరోధం, గేర్లలో నష్టాలు పక్కన పెట్టి వేసిన ముతక లెక్కే ఇది. అయినా విషయం తేటతెల్లమవుతుంది: ఆ వేగం అందుకునే దాకా ఈ బండి తన పూర్తి శక్తిని వాడుకోలేదు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్ల పరుగులో చాలా భాగం శక్తిని పుట్టించే పందెం కాదు, దాన్ని అదుపులో వదిలే పందెం.

పట్టు ఎంత ముఖ్యమో అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) దగ్గరి ఆస్టినాబాద్‌లో ఉండేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, రోడ్లు ఎక్కుతూ దిగుతూ పోతాయి. తడిసిన ఎత్తు మీద స్కూటరు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అక్కడ డ్రాగ్ స్ట్రిప్ లేదు, కానీ శక్తి వేరు, పట్టు వేరన్న పాఠం మాత్రం ప్రతి వానాకాలం దొరుకుతుంది. టైరుకు అసలైన పట్టు కొద్దిపాటి జారుడులో ఉంటుంది. ఆ కొద్ది దాటి చక్రం విడిపోయి తిరగడం మొదలైతే పట్టు పడిపోతుంది, ఆపైన ఎంత శక్తి ఇచ్చినా రబ్బరు పొగే మిగులుతుంది.

కవాసాకి వాళ్ళ అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది. టర్బో అయితే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతుంది కనుక చెయ్యి తిప్పిన క్షణానికీ శక్తి వచ్చే క్షణానికీ మధ్య ఎడం ఉండవచ్చు. అది ఒక్కసారిగా వచ్చి పడితే టైరు విడిపోతుంది. హెచ్2ఆర్‌లో ఇంపెల్లర్ క్రాంక్‌తో నేరుగా ముడిపడి ఉంది. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రైడరు చెయ్యి ఏం అడిగిందో వెనక చక్రానికి అదే చేరుతుంది. థ్రాటిల్ కవాటాలను కేబుల్ కాక కంప్యూటర్ తెరుస్తుంది, చక్రం జారుతోందని తెలియగానే వెనక్కి తగ్గిస్తుంది. స్టార్ట్ కోసం లాంచ్ కంట్రోల్ వేరే ఉంది. గేర్‌బాక్స్ మోటో జీపీ తరహా డాగ్-రింగ్‌ది: గేర్లు జరగవు, వాటి మధ్య ఉంగరాలు జరుగుతాయి. గేరు మారేటప్పుడు శక్తి తెగిపోయే క్షణం బాగా చిన్నదవుతుంది. ఆ తెగిన చోటే బండి కుదుపుతుంది, కుదుపులోనే టైరు పట్టు వదులుతుంది.

అయినా కంపెనీ నుంచి వచ్చిన బండి డ్రాగ్‌కు పూర్తిగా తయారైనట్టు కాదు. మొదట వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ పొడిగిస్తారు, బండిని కిందికి దించుతారు. ఇందాకటి లెక్కలోనే ఇరుసుల దూరం 1,700కు పెంచి, బరువు కేంద్రం 550కి దించితే, ముందు చక్రం లేచే హద్దు 1.5 జి దాటుతుంది. ఇక అడ్డం టైరు మాత్రమే. గీతలు లేని మెత్తటి స్లిక్ టైరు వేస్తారు, అందులో గాలి తగ్గిస్తారు, రేసుకు ముందు నీటి మడుగులో నిలిపి చక్రాన్ని ఉన్నచోటే తిప్పి రబ్బరును వేడెక్కిస్తారు. స్ట్రిప్ మీద జిగురు ద్రవం చల్లుతారు, చెప్పులు అంటుకుపోయేంత.

నా దృష్టిలో అన్నిటికంటే సున్నితమైనది క్లచ్. లాకప్ క్లచ్‌లో చిన్న చేతులు, వాటి చివర బరువులు ఉంటాయి. వేగం పెరిగే కొద్దీ అవి బయటికి విసురుకుని ప్లేట్లను గట్టిగా నొక్కుతాయి. స్టార్ట్‌లో కొంచెం జారనిచ్చి, పరుగు అందుకున్నాక పట్టేస్తాయి. ఆ బరువులో కొన్ని గ్రాములు అటూ ఇటూ చేసి మెకానిక్ ఆనాటి స్ట్రిప్‌కు, ఎండకు, రైడరుకు తగ్గట్టు కుదురుస్తాడు. ఇది చేతితో, చెవితో, విడదీసిన ప్లేట్ల మీద కాలిన మచ్చల రంగుతో చేసే విద్య.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వీధి బళ్ళను మార్చి పరుగెత్తించే డ్రాగ్ తరగతుల్లో చాలామంది నేటికీ టర్బో తగిలించిన సుజుకి హయబుసానే ఎంచుకుంటారు. ఒక్కో గేరుకు ఎంత ఒత్తిడి కావాలో అంత విడిగా పెట్టుకునే వీలు టర్బోలో ఉంది. క్రాంక్‌కు కట్టిన సూపర్‌చార్జర్‌లో ఆ స్వేచ్ఛ తక్కువ. కానీ అన్నిటికంటే పై తరగతి అయిన టాప్ ఫ్యూయల్‌లో నైట్రోమీథేన్ ఇంధనం తాగే ఇంజిన్ల మీద సూపర్‌చార్జర్‌దే రాజ్యం. అమెరికాలో వర్జీనియాకు చెందిన లారీ మెక్‌బ్రైడ్ 1999లో ఆరు సెకన్ల లోపు క్వార్టర్ మైలు దాటిన తొలి మోటార్‌సైకిల్ రైడరు అయ్యాడు: 5.993 సెకన్లు. అలాంటి బండి మీద శక్తిని అంచెలంచెలుగా వదిలేది ప్రధానంగా క్లచ్చే, ముందు చక్రం మరీ లేవకుండా వెనక పొడవాటి వీలీ బార్ కాపు కాస్తుంది.

మన దగ్గర ఈ పందేలకు పేరున్న చోటు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. జాతీయ డ్రాగ్ రేసింగ్‌లో బెంగళూరు రైడరు హేమంత్ ముద్దప్ప హయబుసా మీద టైటిళ్ళు గెలిచాడు. ఈ రేసులను తెలుగులో రాసేవాళ్ళు గరిష్ఠ వేగం దగ్గరే ఆగిపోతారని నాకు బాధ. 2016 జూన్ 30న తుర్కియేలో ఉస్మాన్ గాజీ వంతెన మీద రేసరు కెనాన్ సోఫువోలు హెచ్2ఆర్‌ను 26 సెకన్లలో గంటకు 400 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్ళిన సంగతి అందరికీ తెలుసు. డ్రాగ్ స్ట్రిప్‌లో మాత్రం చివరి వేగంతో పాటు ఇంకో అంకె ఉంటుంది. అది మొదటి 60 అడుగులకు పట్టిన సమయం. స్వింగ్‌ఆర్మ్ పొడవు, టైరులో గాలి, క్లచ్ మీద గ్రాములు, రైడరు ఎడమచేత్తో క్లచ్ వదిలిన తీరు అన్నీ ఆ అంకెలోనే లెక్కకొస్తాయి. పరుగు ముగించి వచ్చిన రైడరు చేతికి టైమింగ్ స్లిప్ ఇవ్వగానే పక్కనున్న మెకానిక్ ముందు చదివేది ఆ అంకే.