పొగచూరిన తోలు

1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ అనే కోట్ల వ్యాపారి మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ కోసం ఓ లెదర్ జాకెట్ తయారుచేశాడు. ఛాతీ మీద ఏటవాలుగా జిప్, నడుముకు బెల్టు, గాలికి లేవకుండా గుండీలతో బిగించే వెడల్పాటి కాలర్. తనకు ఇష్టమైన చుట్ట పేరే దానికీ పెట్టాడు: పర్ఫెక్టో. లాంగ్ ఐలాండ్‌లో హార్లీ డేవిడ్‌సన్ బళ్ళమ్మే కొట్టులో అయిదున్నర డాలర్లకు అమ్మారు. 1953లో ‘ది వైల్డ్ వన్’ సినిమాలో మార్లన్ బ్రాండో ఆ తరహా జాకెట్ తొడిగేసరికి కుర్రకారు దాని వెంటపడ్డారు. అమెరికా మగవాళ్ళలో సగం మందికి పైగా సిగరెట్ కాల్చిన రోజులవి. బార్లలో, మెకానిక్ షెడ్లలో, అద్దాలు బిగించిన కార్లలో కాల్చిన పొగంతా ఆ తోళ్ళకు పట్టింది. ఇవాళ వాటికి వింటేజ్ దుకాణాల్లో వందల డాలర్ల ధర. అంత పోసి కొన్నవాడు ఇంటికి తెచ్చుకుని తొడుక్కున్న పది నిమిషాలకు, ముక్కూ మొహం తెలియని ఎవరో ఎప్పుడో కాల్చిన సిగరెట్ గుప్పుమంటుంది.

ఈ కంపు వదిలించడం ఒక పని. పాత లెదర్ బాగుచేసే చిన్న దుకాణాల్లో కొందరు దాన్ని ఎంతో నేర్పుగా చేస్తారు. చిరుగు కుట్టినవాడి పనితనం కుట్టులో కనిపిస్తుంది, రంగు వేసినవాడిది రంగులో కనిపిస్తుంది. వీళ్ళ పని బాగా కుదిరితే చూపించడానికి ఏమీ మిగలదు. సిగరెట్ వాసన ఒక్కటే పోవాలి. మోచేతి దగ్గర పడ్డ ముడతలు, జేబు అంచున నలుపు అరిగి తేలిన గోధుమరంగు, తోలుకుండే సొంత వాసన ఎక్కడివక్కడే ఉండాలి. అందుకే ఏం చేశారన్న దానికంటే ఏం చేయకుండా ఊరుకున్నారన్నది చూస్తే వాళ్ళ పస తెలుస్తుంది.

పొగ తోలును ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది? స్టీలు గిన్నెకూ చెక్క గరిటెకూ ఉన్న తేడాయే ఇక్కడా. తోలు లోపలంతా కొలాజెన్ పోగులు కట్టలు కట్టలుగా అల్లుకుని ఉంటాయి, మధ్యలో లెక్కలేనన్ని ఖాళీలు. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో క్రోమియం లవణాల పద్ధతి వచ్చింది. దేనితో పదును చేసినా చివర్లో తోలుకు నూనె పట్టించక తప్పదు, లేకుంటే ఆరాక బిరుసెక్కుతుంది. పొగలోని తారు ఆ నూనెలో హాయిగా కలిసిపోతుంది. పైగా తోలుది ఆమ్ల గుణం, నికోటిన్‌ది క్షార గుణం. రెండూ కలిస్తే నికోటిన్ లవణంగా మారి అక్కడే తిష్ఠ వేస్తుంది. సిగరెట్ పొగలో ఉండేది నికోటిన్ ఒక్కటే కాదు, 7000కు పైగా రసాయనాలు. చల్లారిన పొగకుండే ఆ చేదు కంపులో ఎక్కువ భాగం పిరిడిన్ జాతి పదార్థాలది, ఫినాల్స్‌ది. ఇవి కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. ఒంటి వేడి తగిలితే ఎక్కువగా, ముసురు పట్టిన రోజు మరీ ఎక్కువగా.

ఇంత చెప్పాక కూడా అసలు దొంగ తోలు కాదంటాను. తోలు పైపొరకు ఏదో ఒక పూత ఉంటుంది, అది కొంత కాపాడుతుంది. లోపలి లైనింగ్‌కు ఏ కాపలా లేదు. రేయాన్ బట్ట, దాని వెనక దూది పరిచి వేసిన కుట్టు, జేబులకు వాడిన ముతక నూలు గుడ్డ... చెమట, పొగ, తారు అన్నీ పీల్చుకుని కూర్చునేవి ఇవే. బయటివాళ్ళకు లెదర్ పనిలా కనిపించేది సగానికి పైగా బట్ట పనే. తోలును పాడుచేయకుండా ఆ బట్ట దాకా వెళ్ళడంలోనే ఉంది నేర్పంతా.

మంచి పనివాడు జాకెట్ చేతికి రాగానే ఏ సీసా మూతా తీయడు. ముందు వాసన చూస్తాడు, అదీ భాగాల వారీగా. కాలర్ వెనక, చంక, ముంజేతి జిప్ లోపల, ఒక్కో జేబు, వీపు. ముక్కు కొద్ది నిమిషాల్లోనే వాసనకు అలవాటు పడి మొద్దుబారుతుంది కనుక మధ్యమధ్యలో బయటికి వెళ్ళి వస్తాడు. అత్తర్లు తయారుచేసేవాళ్ళలా తన మోచేతి మడతను తానే వాసన చూసుకునేవాళ్ళూ ఉన్నారు. పర్ఫెక్టో లాంటి జాకెట్‌లో పొగ దాక్కునే చోటు ఒకటుంది, తెలియనివాడికి చచ్చినా దొరకదు. హ్యాండిల్ పట్టుకోవడానికి చేతులు ముందుకు చాచినప్పుడు వీపు పట్టేయకుండా, భుజాల వెనక రెండు వైపులా లోతుగా మడత పెట్టి కుడతారు. చేతులు దించితే ఆ మడత మూసుకుపోతుంది. లోపల గాలి ఆడదు. ఎన్నాళ్ళు ఆరబెట్టినా మామూలుగా హ్యాంగర్‌కు తగిలిస్తే ఆ మడత తెరుచుకోదు. అందుకని చేతులకు అట్ట గొట్టాలు దూర్చి ముందుకు చాపి కట్టి, మడత విప్పారి ఉండేలా వేలాడదీస్తారు. జాకెట్ ఎలా కుట్టారో తెలిసినవాడికే ఇది తడుతుంది.

తర్వాత జేబులు. గుడ్డను పూర్తిగా బయటికి తిప్పి, అడుగు మూలల్లో కుట్టు మడతను వేలిగోటితో విడదీస్తే నూగు, పొగాకు తుంపులు, బస్ టికెట్ పొడి కలిసి ఉండ కట్టిన బూడిదరంగు ముద్ద ఒకటి ఊడి వస్తుంది. చిటికెడు ఉండదు, కానీ కొన్ని జాకెట్లలో కంపుకు పెద్ద దిక్కు అదే. చిల్లర వేసుకునే బుల్లి జేబును చాలామంది మర్చిపోతారు. మెత్తటి బ్రష్షు, సన్నమూతి వాక్యూమ్, ఓపిక. ఇక్కడిదాకా తడి తగలనివ్వరు.

ఇక లైనింగ్. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పనిలో అందమైన ఘట్టం ఇదే. జాకెట్‌కు తొడిగి ఉండగానే లైనింగ్ మీద ఏదో ఒకటి చల్లి సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. పట్టుదల గలవాడు కింది అంచున కుట్టు విప్పుతాడు. బట్టకు సూది గుచ్చితే పోగులు పక్కకు జరుగుతాయి, సూది తీసి నాలుగుసార్లు రుద్దితే మళ్ళీ దగ్గరికొస్తాయి. తోలుకు ఆ మాఫీ లేదు. ఒకసారి పడ్డ రంధ్రం అలాగే ఉంటుంది. పాత రంధ్రాల పక్కన కొత్తవి పొడిస్తే అంచు తపాలా బిళ్ళ చించే గీతలా తయారై, ఒకరోజు ఆ వరసే పర్రున చిరుగుతుంది. కాబట్టి కుట్టు విప్పేటప్పుడు దారాన్ని లాగరు. మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున కోసి, ముక్కలను పట్టకారుతో తీస్తారు. తిరిగి కుట్టేటప్పుడు మిషన్ జోలికి పోరు. తోలు కుట్టే మామూలు సూదికి మూడంచుల మొన ఉంటుంది, అది కోసుకుంటూ పోతుంది. ఇక్కడ దాన్ని పక్కనపెట్టి మొన మొద్దుగా ఉన్న సూది తీసుకుంటారు. అది కొత్త దారి చేసుకోలేదు, ఉన్న రంధ్రంలోంచే దూరాలి. ఒక్కో రంధ్రం వెతుక్కుంటూ చేత్తో కుడతారు. కుట్టు పూర్తయ్యాక ఎవరైనా విప్పిన సంగతి పోల్చుకోగలిగితే ఆ పని తప్పినట్టే.

విప్పిన లైనింగ్‌ను ఉతకడంలోనూ ఒక మెలకువ ఉంది. రేయాన్ తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. చాకిరేవు బాదుడుకు అది ఆగదు, పిండినా చిరుగుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో గాఢత లేని సబ్బు కలిపి నానేసి, చేతులతో అదిమి, తువ్వాలులో చుట్టి తడి లాగుతారు. మొదటి నీళ్ళలో దిగిన రంగు చూస్తే సిగరెట్ మానేయాలనిపిస్తుంది: చిక్కటి టీ డికాక్షన్ రంగు. చివరి జాడింపులో కొద్దిగా వెనిగర్ వేస్తారు. ఇదేదో మహిమ గల చిట్కా కాదు, దీనికో లెక్క ఉంది. ఆ పులుపుకు నికోటిన్, పిరిడిన్‌లు నీళ్ళలో కరిగే లవణాలుగా మారి నీళ్ళతో పాటే పోతాయి. తారు మాత్రం పులుపుకు లొంగదు, దానికి సబ్బే మందు. ఈ రెంటికీ తేడా తెలియక వెనిగర్ ఒక్కటే సీసాల కొద్దీ పోసేవాళ్ళను చూస్తుంటాం. పైగా వెనిగర్ తగలడం ఇత్తడి జిప్పులకు మంచిది కాదు.

వంటసోడా సంగతి దీనికి తలకిందులు. వాసన దేనికైనా అదే చల్లమంటారు, తోలు మీద చల్లితే రెండు నష్టాలు. లవణంగా మారి కిమ్మనకుండా ఉన్న నికోటిన్‌ను ఆ క్షారం మళ్ళీ ఆవిరయ్యే రూపంలోకి తెస్తుంది. తోలు తట్టుకునే ఆమ్ల స్థితిని కూడా చెడగొడుతుంది. మన ఇళ్ళలో దివ్యౌషధాలు కలరా ఉండలు, సాంబ్రాణి. మొదటిది కంపు మీద ఇంకో కంపు, రెండోది పొగ మీద ఇంకో పొగ. మేడ మీద ఎండలో పడేయడం అంతకంటే చేటు: రంగు వెలుస్తుంది, నూనె ఎండి తోలు పెళుసెక్కుతుంది. నీడపట్టున, ఫ్యాన్ గాలికి, జిప్పులన్నీ తీసి, రోజుల తరబడి వేలాడదీయడాన్ని మించింది లేదు. దానికి డబ్బు ఖర్చు లేదు కనుక ఎవరూ నమ్మరు.

లైనింగ్ విప్పడానికి వీల్లేని జాకెట్లకు నాటకాల వార్డ్‌రోబ్ వాళ్ళ ఉపాయం ఉంది. చవక వోడ్కాలో నీళ్ళు కలిపి లోపలివైపు తుంపరగా కొడతారు. ఆరిపోతూ కొంత వాసనను వెంట తీసుకుపోతుంది. రోజూ ఉతకలేని కాస్ట్యూమ్‌లకు అది బాగా పనికొస్తుంది. కానీ ఒక్క చుక్క తోలు మీద పడితే ఆల్కహాల్ రంగును కరిగించి మచ్చ చేస్తుంది. అందుకే లోపలి భాగాన్ని బయటికి తిప్పి, తోలు అంచులకు గుడ్డ అడ్డం పెట్టి మరీ కొడతారు.

తోలును తుడిచే తీరు చూస్తే ఎవరు ఎంతటివారో ఇట్టే చెప్పొచ్చు. కాలర్ కింద కనపడని చోట ముందుగా పరీక్షించి, తెల్లటి నూలు గుడ్డను తడిపి, చుక్క కారనంతగా పిండి తుడుస్తారు. వాసన ఉన్న చోటే రుద్దితే ఆరాక నీటి చార పడుతుంది, అది ఇక పోదు. అందుకని ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఉన్న ముక్కనంతా ఏకబిగిన, ఒకే తడితో తుడిచి ముగిస్తారు. చెయ్యి మధ్యలో ఆగదు. గుడ్డకు అంటింది పసుపో గోధుమరంగో అయితే అది పొగ మడ్డి, నలుపైతే జాకెట్ రంగు. నలుపు కనిపించగానే ఆపేయాలి.

ఓజోన్ యంత్రం పెట్టి ఒక్కరోజులో పని ముగించే దుకాణాలున్నాయి. ఓజోన్ కంపు అణువులను విరగ్గొట్టే మాట నిజమే. తోలులోని నూనెను, రంగును, ఎలాస్టిక్ ఉంటే దాన్ని కూడా అది వదలదు. మనుషుల ఊపిరితిత్తులకూ హాని. గట్టి కొత్త జాకెట్‌కు ఒకసారి పెడితే పెట్టొచ్చునేమో గానీ, డెబ్బై ఏళ్ళ గుర్రపు తోలుకు పెట్టడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. కంపు వదిలించే పనిని బొగ్గు నిదానంగా చేస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గును బాగా వేడి మీద ఆవిరితో శుద్ధి చేస్తే దాని ఒంటినిండా సూక్ష్మమైన గుంటలు పడి, ఒక్క గ్రాములోనే వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఏర్పడుతుంది. ఇస్త్రీపెట్టెలో వేసే చిప్పల బొగ్గుకు ఇంత శక్తి లేదు, అది మసి కూడా చేస్తుంది. శుద్ధి చేసిన బొగ్గును గుడ్డ సంచుల్లో కట్టి, తోలుకు తగలకుండా, మూత పెట్టిన పెద్ద డబ్బాలో జాకెట్‌తో పాటు వారాల తరబడి ఉంచుతారు.

నూనె పట్టించడం అన్నిటికంటే ఆఖరున. ఇక్కడ తొందరపడితే చేసిందంతా వృథా. కంపు ఇంకా ఉండగానే కండిషనర్ రాస్తే ఆ కంపు లోపలే చిక్కుకుంటుంది, పైగా ఆ కొత్త నూనె వాసన వారం పాటు ముక్కును మభ్యపెడుతుంది. అమ్మేవాళ్ళలో కొందరు సరిగ్గా ఇందుకే ముందే రాసేసి అమ్ముతారు.

పరీక్ష కూడా నిక్కచ్చిగా జరగాలి. చల్లటి గదిలో హ్యాంగర్ మీద ఏ జాకెట్ అయినా మంచిదే. ఒంటికి తొడుక్కుని అరగంట తిరగాలి, వీలైతే వాన రోజున. అప్పటికీ చంకల్లోంచి, కాలర్ లోంచి కంపు లేస్తే, దూదిలోకి దిగిందన్నమాట. ఉతికినా దూది లోతుల్లోంచి అంతా రాదు. అప్పుడు మిగిలేది లైనింగ్ మార్చడమే. దీనిమీద వింటేజ్ ప్రియుల్లో రెండు పక్షాలున్నాయి. అసలు లైనింగ్ పోతే జాకెట్ సగం పోయినట్టేనని ఒకరు, తొడుక్కోలేని జాకెట్‌కు అసలూ నకలూ ఏమిటని ఇంకొకరు. నా ఓటు రెండో పక్షానికే, ఒక షరతు మీద: పాత బట్టను విప్పి దాన్నే నమూనాగా పరిచి కొత్తది కత్తిరించాలి, మెడ దగ్గరి కంపెనీ లేబుల్‌ను పాత రంధ్రాలకే సరిపెట్టి చేత్తో కుట్టాలి. లెక్క తెలిసిన దుకాణం తీసిన లైనింగ్‌ను పారేయదు. ఉతికి, సంచిలో పెట్టి జాకెట్‌తో పాటే ఇస్తుంది. రేపు అదే జాకెట్‌ను కొనబోయేవాడు మొదట అడిగేది దాన్నే.