గాయం ఎప్పుడైందన్నదే లెక్క

హాకీ కథల్లో గాయం ఎప్పుడూ హీరో పక్షానే ఉంటుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీ గోల్‌కీపర్ ఢీకొని ధ్యాన్‌చంద్ పన్ను ఊడిందనీ, కట్టు కట్టించుకుని మళ్ళీ వచ్చి ఆడాడనీ చెప్పుకుంటారు. మెల్‌బోర్న్‌లో బల్బీర్ సింగ్ విరిగిన వేలితోనే ఫైనల్ ఆడి స్వర్ణం తెచ్చాడంటారు. కాలేజీ రోజుల్లో రైట్ హాఫ్ ఆడిన నాకు ఈ కథలంటే ప్రాణం. ఈ మధ్య మాత్రం వాటిని చెప్పే తీరు మీద అనుమానం మొదలైంది. అందుకు కారణం ఒక యానాం కుర్రాడి ఎడమచేతి ఉంగరపు వేలు.

నేనుండే పుదుచ్చేరిలో హాకీ ఏమిటని కొందరికి ఆశ్చర్యం. ఫ్రెంచివాళ్ళు ఇక్కడ వదిలివెళ్ళిన ఆట పెటాంక్. ఇనప గుండ్లు విసురుకుంటూ పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆడుతుంటారు. హాకీ ఇంగ్లీషువాళ్ళ కంటోన్మెంట్ల ఆట, మన ఊరికి చుట్టం కిందే లెక్క. అయినా హాకీ ఇండియా సభ్యుల జాబితాలో ‘లె పుదుచ్చేరి హాకీ’ అని ఒక సంఘం ఉంది. పేరులో ఫ్రెంచి వాసన, ఆటలో పట్టుమని పదిమంది పిల్లలు. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు ఒక మట్టి మైదానం గట్టు మీద కూర్చుని వాళ్ళని చూడడం నాకు అలవాటు.

ఆ కుర్రాడిది యానాం. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. గట్టు మీద తెలుగు పేపరు చదువుకునే మనిషిని కనిపెట్టి, మొదటి రోజే నన్ను బాబాయ్‌ని చేసేసుకున్నాడు. చురుకైన లెఫ్ట్ హాఫ్. ఆ రోజు వాడి ఆటలో ఏదో తేడా కనిపించింది. ఎడమ పక్కకి వచ్చే ప్రతి బంతినీ కర్ర తిప్పి రివర్స్‌లో ఆపాల్సింది పోయి, చుట్టూ తిరిగి వచ్చి కుడి పక్కన ఆపుకుంటున్నాడు. హాకీలో కర్రని తిప్పేది పైనున్న ఎడమ చెయ్యి. కుడి చెయ్యి దానికి తోడు మాత్రమే. ఆ ఎడమ చేతిలో రెండు వేళ్ళని కలిపి, గ్రిప్‌కి చుట్టే టేపే చుట్టేశాడు. టేపు అంచున చర్మం నల్లబడింది.

“వేలేమైందిరా?”

“ఏం లేదండి బాబాయ్‌గారూ, మొన్న కర్ర తగిలింది.”

“మీ కోచ్‌గారికి చెప్పావా?”

“చెప్తే ఆదివారం మ్యాచ్‌లో కూర్చోబెట్టేస్తారండి. బల్బీర్ సింగ్ ఆడలేదేంటండి?”

ఫోన్లో ఏదో వీడియో చూశాడట. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇంటికి వచ్చాక ఆ కథ మొత్తం మళ్ళీ చదువుకున్నాను. వీడియోలు వదిలేసే సంగతులన్నీ అందులోనే ఉన్నాయి.

1956లో బల్బీర్ కెప్టెన్. అప్పటికే లండన్, హెల్సింకీల్లో రెండు స్వర్ణాలు గెలిచినవాడు. హెల్సింకీ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద మనవాళ్ళు కొట్టిన ఆరు గోల్స్‌లో అయిదు ఆయనవే. మెల్‌బోర్న్‌లో మొదటి మ్యాచ్ అఫ్ఘానిస్థాన్‌తో. 14–0తో గెలిచారు, ఆయన అయిదు కొట్టాడు, కుడిచేతి వేలు విరిగింది. తర్వాత అమెరికాతోనూ, సింగపూర్‌తోనూ ఆయన ఆడలేదు. మళ్ళీ మైదానంలోకి దిగింది జర్మనీతో సెమీస్‌లోనే. ఆపైన డిసెంబరు 6న పాకిస్తాన్‌తో ఫైనల్. రెండూ 1–0 గెలుపులే. ఫైనల్లో ఆ ఒక్క గోలూ రణధీర్ సింగ్ జెంటిల్ కొట్టాడు. బల్బీర్ చేతికి పట్టీ ఉంది, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆయన గోల్ కొట్టకపోయినా ప్రత్యర్థి డిఫెండర్లు ఆయన్నే అంటిపెట్టుకుని ఉంటారన్నది జట్టు వేసుకున్న లెక్క. అందుకే వేలు విరిగిన సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

అంటే ఆయన దాచింది అవతలి జట్టు దగ్గర. సొంత జట్టుకి, మేనేజర్‌కి, డాక్టర్‌కి అంతా తెలుసు. తెలుసు కనకే రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టారు. మా యానాం కుర్రాడు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాడు. అవతలి జట్టుకి టేపు కనిపిస్తూనే ఉంది, తెలియాల్సిన కోచ్‌కే తెలియదు. పైగా ఆ వేలిని కాపాడుకోవడానికి వాడు ప్రతి బంతికీ మోకాలి మీద గిర్రున తిరుగుతున్నాడు. మోకాలి లోపలి లిగమెంట్ తెగేది ఇలాంటి తిరుగుడులోనే. వేలి ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. లిగమెంట్ తెగితే ఆపరేషను, ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆటకి దూరం. దాచిన చిన్న గాయం పెద్ద గాయాన్ని తెచ్చిపెట్టడం ప్రతి మైదానంలోనూ ఉన్నదే.

ఇంకో సంగతి ఎవరూ అనుకోరు. ఆటగాడి పేరు నిలబడుతుందా లేదా అన్నది చాలాసార్లు గాయం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉండదు, అది ఏ వయసులో తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఐస్ హాకీలో బాబీ ఓర్‌ని చూడండి. మోకాలికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుని, 30 ఏళ్ళకే, 1978లో ఆట మానేశాడు. ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో ఆడింది 657 మ్యాచ్‌లే. కానీ అప్పటికే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి ట్రోఫీ వరసగా ఎనిమిదేళ్ళు ఆయన ఇంట్లోనే ఉంది. అందుకే ఆ దెబ్బతిన్న మోకాలు కూడా ఆయన గొప్పదనంలో భాగమైపోయింది. కొన్నేళ్ళు ఆగాలన్న నియమాన్ని పక్కన పెట్టి, మరుసటేడే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

మన జుగ్‌రాజ్ సింగ్‌కి ఆ అదృష్టం లేదు. 2001లో హోబార్ట్‌లో జూనియర్ ప్రపంచ కప్ గెలిచిన జట్టులోవాడు. పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్ర వంపులో పెట్టుకుని, నడుం వంచి ఈడ్చి విసిరే డ్రాగ్‌ఫ్లిక్‌లో మనకి కొత్త ఆశ పుట్టించినవాడు. 2003 సెప్టెంబరులో పంజాబ్‌లో కారు ప్రమాదం. అప్పటికి వయసు ఇరవై. ఆ నెలలోనే భారత్ కౌలాలంపూర్‌లో ఆసియా కప్ గెలిచింది, అతను మాత్రం ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ ఆ స్థాయికి రాలేకపోయాడు. తర్వాత కోచ్‌గా మారి కుర్రాళ్ళకి అదే డ్రాగ్‌ఫ్లిక్ నేర్పాడు. ఈ పేరు ఇప్పటి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అదే డ్రాగ్‌ఫ్లిక్ వేసే సందీప్ సింగ్‌కి 2006 ఆగస్టులో రైల్లో, పొరపాటున పేలిన తూటా నడుములో దిగింది. రెండు రోజుల్లో ప్రపంచ కప్‌కి బయల్దేరాల్సిన మనిషి చక్రాల కుర్చీ ఎక్కాడు. కానీ కోలుకున్నాడు. 2009లో కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడు అజ్లాన్ షా కప్ మనదే. 2012లో ఢిల్లీలో ఒలింపిక్ అర్హత పోటీ ఫైనల్లో ఫ్రాన్స్ మీద ఒక్కడే అయిదు గోల్స్ కొట్టాడు. 2018లో ‘సూర్మా’ అని ఆయన మీద సినిమా వచ్చింది. ఆయన పట్టుదలని నేను తక్కువ చెయ్యను. కానీ సినిమా తిరిగొచ్చిన వాళ్ళ మీదే తీస్తారు. జుగ్‌రాజ్ మీద ఎవరూ తియ్యరు. అతని పట్టుదల ఏమీ తక్కువది కాదు, విరిగిన ఎముకలే మాట వినలేదు.

రాణి రాంపాల్‌ది మరో రకం. 14 ఏళ్ళకే దేశానికి ఆడిన పిల్ల. టోక్యో ఒలింపిక్స్‌లో జట్టుని సెమీస్ దాకా నడిపిన కెప్టెన్. ఆ తర్వాత తొడ కండరం గాయం. అది మానిందనుకున్నాక కూడా 2022 ప్రపంచ కప్ జట్టులోకి తీసుకోలేదు. తననెందుకు పక్కన పెట్టారో ఎవరూ చెప్పలేదని ఆమె బాహాటంగానే అంది. 254 మ్యాచ్‌లు, 205 గోల్స్‌తో 2024 అక్టోబరులో తప్పుకున్నప్పుడు ఆమె 28వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని హాకీ ఇండియా ప్రకటించింది. గౌరవం మంచిదే. ఆ చివరి రెండేళ్ళూ ఒక మాట చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

మన తెలుగువాళ్ళలో చూస్తే, హైదరాబాద్ ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడూ ఆడాడు. అతని వేగం గురించి అందరూ మాట్లాడతారు. నాకైతే అంతకంటే అపురూపమైంది ఆ ఎనిమిదేళ్ళ పాటు శరీరాన్ని ఆ స్థాయిలో నిలబెట్టుకోవడం. దానికి ట్రోఫీ లేదు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజనిది ఇంకో తమాషా పరిస్థితి. ముందు సవిత అంతటి కీపర్ ఉండేది. రెండో కీపర్ బతుకంతా మొదటి కీపర్ ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. అవతలి మనిషి గాయపడాలని కోరుకోకుండా, ఒకవేళ పడితే ఆ నిమిషానికి సిద్ధంగా ఉండటమంటే మాటలా! గాయాల చరిత్ర రాస్తే అందులో వీళ్ళకీ ఒక అధ్యాయం ఉండాలి.

మా కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. నేనే కోచ్‌గారికి చెప్పాను. ఆయన చల్లగా, “టేపు చూశానండీ, పదకొండు మంది దొరకరు, ఏం చెయ్యను” అన్నాడు. చెడ్డవాడేం కాదు, పిల్లలకి సొంత డబ్బులతో బంతులు కొనే మనిషి. ఎక్స్‌రేలో ఎముక చిట్లిందని తేలింది. వాడు ఆదివారం ఆడలేదు. జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది, వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ ఊళ్ళో గానీ, మీ ఊళ్ళో గానీ పిల్లల చేత హాకీ ఆడించే కోచ్‌లకీ తల్లిదండ్రులకీ నా మనవి ఒకటే. నొప్పి ఉందని చెప్పిన పిల్లకి, పిల్లాడికి మానాక నీ చోటు నీదేనని ముందే మాటివ్వండి. పన్నెండో మనిషిని తయారు చేసుకోండి. బల్బీర్ కథ చెప్పేటప్పుడు ఆయన ఆడకుండా కూర్చున్న ఆ రెండు మ్యాచ్‌ల సంగతి కూడా చెప్పండి.